వెనక్కొచ్చిన చీటీ

“నా చీటీ ఎందుకు తీసేశావు వదినా?”

ఇలా అడగడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లకీ జవాబు రాలేదు కాబట్టి ఈసారి గొంతు లేచింది. ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

వదిన ఆసుపత్రి నుంచి వచ్చి ఇంకా ముఖం కూడా కడుక్కోలేదు. చేతిసంచి బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడిందో లేదో మరిది ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీ వాళ్ళిచ్చిన నీలంచొక్కా విప్పలేదు, జేబులో స్క్రూడ్రైవరు తియ్యలేదు. ఆరు దాటకుండా ఏనాడూ ఇల్లు చేరనివాడు ఇవాళ నాలుగున్నరకే వచ్చి కాచుక్కూర్చున్నాడు.

“పదకొండింటికి ఫోన్ చేసి రేపు ఏడున్నరకి ఎండోస్కోపీ, పరగడుపున రమ్మన్నారు. రెండింటికి మళ్ళీ ఫోన్ చేసి రావద్దన్నారు. ఎందుకని అడిగితే చీటీలమ్మ తీసేసిందన్నారు.”

చీటీలమ్మ అంటే ఈ వదినే. నోట్లోంచి గొట్టం వేసి పొట్టలోపల చూసే విభాగంలో పదకొండేళ్ళుగా నర్సు. ఏ డాక్టరు ఆ పరీక్ష రాసినా చీటీ ముందు ఆవిడ బల్ల మీదకే వస్తుంది. ఎవరికి తొందర, ఎవరు ఆగొచ్చు, ఎవరికి అసలు అక్కర్లేదు అని మొదటి చూపులో తేల్చేది ఆవిడే. పెద్ద డాక్టరు సంతకం ఆ తర్వాత.

“తీసేశాను,” అంది. “నీకు అక్కర్లేదు, తీసేశాను.”

“అక్కర్లేదని నువ్వెలా చెప్తావు? నన్ను చూసి రాసింది డాక్టరు.”

“డాక్టరు నిన్ను చూసి రాయలేదు. నువ్వు చెప్పింది విని రాశాడు.”

మరిది నోరు మూతపడింది. ఆ మూతపడటం చూసి వదినకి తను పట్టుకున్నది నిజమేనని రూఢి అయింది.

ఇంట్లో అతన్ని శంకల్రావు అంటారు. ముఖం మీద అనరుగానీ అతనికీ తెలుసు. రెండేళ్ళ కిందట తలనొప్పి వస్తే మెదడులో గడ్డ అన్నాడు. కళ్ళజోడు పెట్టుకోగానే గడ్డ కరిగిపోయింది. ఎడంచెయ్యి లాగితే గుండె అన్నాడు; ముందురోజు లిఫ్టు తలుపు మోశానని తర్వాత గుర్తొచ్చింది. నిరుడు కడుపుమంట పట్టుకుంది. వేరే ఆసుపత్రికి వెళ్ళి, పట్టుబట్టి ఎండోస్కోపీ చేయించుకున్నాడు. అంతా శుభ్రంగా ఉందని రాసిచ్చారు. ఆ కాగితం పర్సులో పెట్టుకుని నలభై రోజులు హాయిగా తిరిగాడు. నలభై ఒకటో రోజున, వాళ్ళు సరిగ్గానే చూశారంటావా వదినా అని మొదలుపెట్టాడు.

అలాంటి మనిషి చీటీ మళ్ళీ బల్ల మీదకొస్తే ఎవరైనా ఏమనుకుంటారు? చీటీలమ్మ కూడా అదే అనుకుంది. ఇందులో ఆవిణ్ణి తప్పుపట్టడానికేమీ లేదు. కనీసం ఆ క్షణానికి లేదు.

“ఏమైంది?” అంటూ అన్నయ్య ముందుగదిలోంచి వచ్చాడు. మెడలో టేపు, చొక్కా నిండా దారప్పోగులు. ఆడవాళ్ళ బట్టలు కుట్టే టైలరు. ఇంటి ముందుగదే ఆయన కొట్టు.

“మీ తమ్ముడు డాక్టరుకి ఏం చెప్పాడో వినండి.” వదిన చేతిసంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. “మూడు నెలలుగా ముద్ద మింగితే ఛాతీ మధ్యలో ఆగిపోతోంది. తిన్నది ఒక్కోసారి అలాగే వెనక్కొస్తోంది. మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాడు.”

చదివి కాగితం ఒళ్ళో పెట్టుకుంది.

“నిన్న రాత్రి మూడోసారి అన్నం పెట్టించుకున్నది ఎవరు? నేనా?”

అన్నయ్యకి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. “ఎనిమిది కిలోలా? ఎక్కడ్రా?”

“బరువు చూశారు,” అన్నాడు మరిది, నీళ్ళు నములుతూ. “ఇప్పటి బరువు వాళ్ళు చూశారు. అప్పటి బరువు నేను చెప్పాను.”

“ఏం చెప్పావు?”

“ఇంకో ఎనిమిది కలిపి చెప్పాను.”

ఈసారి అన్నయ్య నవ్వు ఆగలేదు. వంటింటి గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు కూడా తలొంచుకుని నవ్వింది. నవ్వి, “వదిలెయ్యండిరా ఇంక,” అంది. “అమ్మాయి తీసేసిందంటే సరిగ్గానే తీసేసి ఉంటుంది. వాడికేం రోగం?”

వదినకి ఆ మాట ఎంతో హాయిగా వినిపించింది. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. చిన్నకొడుకుతో మాటపట్టింపు వచ్చినప్పుడు అత్తగారు కోడలి పక్కన నిలబడటం ఇదే మొదలు. అదెందుకో ఆలోచించి ఉంటే బాగుండేది. ఆలోచించలేదు. మనవైపు మాట్లాడినవాళ్ళని ఎందుకు మాట్లాడావని ఎవరు అడుగుతారు?

“నేను చెప్పేది విను,” అంది మరిదితో, ఈసారి మెత్తగా. ఆసుపత్రిలో రోజుకి పదిమందికి చెప్పే మాటలే. “నీకు ముప్పై ఏళ్ళు. పుల్లటి తేన్పులు, మంట. దానికి ముందు ఒక నెల మాత్ర. తగ్గకపోతే మలం పరీక్ష చేసి, పుళ్ళు తెచ్చే క్రిమి ఏమైనా ఉందేమో చూస్తారు. ఉంటే రెండు వారాలు మందు. అప్పటికీ తగ్గకపోతే అప్పుడు గొట్టం సంగతి. నిరుడే లోపలంతా చూశారు. మళ్ళీ చూస్తే కొత్తగా కనపడేదేం ఉంటుంది?”

“చూస్తే తప్పేముంది?”

“ఉంది. మత్తిస్తారు, గొట్టం దింపుతారు. వెయ్యిమందిలో ఒకరికైనా ఏదో ఒకటి అవుతుంది. అవసరం ఉన్నవాడికి ఆ ఒకటికి భయపడకూడదు. అవసరం లేనివాడు దాన్ని పనిగట్టుకుని కొని తెచ్చుకోకూడదు. ఇంకోటి, పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా మేం చెయ్యగలిగేది పద్నాలుగు మందికి. నువ్వు కూర్చున్న కుర్చీలో ఇంకెవరో కూర్చోవాలి. నీ ఏడున్నర ఒక వాచ్‌మన్‌కి ఇచ్చాను. నాలుగు రోజులుగా తారులాగా నల్లగా విరేచనం అవుతోంది ఆయనకి. లోపల రక్తం కారుతోందన్నమాట. ఆయన్ని ఆపి నీకు చెయ్యమంటావా?”

మరిది జేబులో స్క్రూడ్రైవరు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

“ఏమీ లేదని తేలినా నీకు అది నలభై రోజులే కదా.”

ఈ చివరి మాట అనకుండా ఉండాల్సింది. తగిలింది. మరిది ముఖం చిన్నబోయింది.

“నా భయాల సంగతి నాకు తెలుసు వదినా,” అన్నాడు. “ఇది నా భయం కాదు. ఆ చీటీ మళ్ళీ లిస్టులో పెట్టు. రేపు కుదరకపోతే ఎల్లుండి పెట్టు. నేను అబద్ధం చెప్పాననే అనుకో. పెట్టు, చాలు.”

“అబద్ధమని తెలిశాక ఎలా పెడతాను?”

“ఇంతకీ ఆసుపత్రి కాగితం ఇంటికెందుకు తెచ్చావు?” అన్నాడు అన్నయ్య ఉన్నట్టుండి. “అక్కడే ఉండాలి కదా?”

“చెప్తాను లెండి,” అని వదిన మాట దాటేసింది. “ముందు మీ తమ్ముణ్ణి కొలవండి. ఎనిమిది కిలోలు తగ్గినవాడి నడుము ఎంతుందో చూద్దాం.”

హాస్యానికే అంది. కానీ టేపు మెడలో ఉన్న మనిషికి కొలవమంటే హాస్యమేముంది? అన్నయ్య ముందుగదిలోకి వెళ్ళి కొలతల పుస్తకం తెచ్చాడు. నల్ల అట్ట, అంచులు అరిగిపోయాయి. వచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళే అయినా వెనకవైపు నాలుగు పేజీలు ఇంటివాళ్ళకి. తమ్ముడి పేజీ తీసి, చేతులు ఎత్తమని, నడుం చుట్టూ టేపు తిప్పాడు.

“ఏడాది మొదట్లో ముప్పై నాలుగు. ఇప్పుడు ముప్పై అయిదున్నర.” చెవి మీంచి పెన్సిలు తీసి పాత అంకె మీద గీత గీసి కొత్తది రాశాడు. “చిక్కిపోయావురా పాపం. ప్యాంటు వదులు చెయ్యాలి.”

అందరూ నవ్వారు. ఇల్లు తేలికపడింది. గొడవ అక్కడితో ముగిసిపోవాల్సిందే.

మరిది నవ్వలేదు. రెండు చేతులూ ఇంకా దించలేదు. అలాగే నిలబడి అన్నాడు:

“నా పేజీ చూశావు కదా అన్నయ్యా. ఇప్పుడు అమ్మ పేజీ చూడు.”

అన్నయ్య పుస్తకం టక్కున మూసేశాడు.

తెలిసే మూశాడు. ఏమీ తెలియని మనిషి అయితే తెరిచి చూసేవాడు, ఎందుకురా అని అడిగేవాడు. ఈయన మూసి, చంకలో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగాడు. అత్తగారి చేతిలో చిక్కుడుకాయ సగం ఒలిచి ఆగిపోయింది.

“ఏముంది అత్తయ్య పేజీలో?” అంది వదిన.

“కొలతలు.”

“అది నాకూ తెలుసు. ఎంతెంత?”

“కొలతలు బయటికి చెప్పకూడదు.” ఆయన గొంతులో కొట్లో నిలబడి మాట్లాడే మర్యాద వచ్చింది. “పద్దెనిమిదేళ్ళ నుంచి కుడుతున్నాను. ఒకావిడ లావైందని ఇంకొకావిడకి చెప్పలేదు. ఒకావిడ చిక్కిందని మొగుడు వచ్చి అడిగినా చెప్పలేదు. ఇలాంటివి చెప్పేవాడి దగ్గర ఎవరూ కొలతలివ్వరు.”

“నేను బయటిదాన్నా?”

“చెప్పకురా,” అంది అత్తగారు.

ఒక్క మాటే. మెల్లగానే అంది. ఆ ఒక్క మాటతో చెప్పాల్సిందంతా చెప్పేసిందని పాపం ఆవిడకి తెలియలేదు.

వదిన లేచి చెయ్యి చాచింది. అన్నయ్య తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. మనిషి మంచివాడు, ఇద్దరికీ మాట ఇచ్చే రకం. చివరికి పుస్తకం భార్య చేతికిచ్చి, తనే ఏదో దొంగతనం చేసినట్టు తలొంచుకున్నాడు.

అమ్మ అని పైన రాసి ఉంది. ఛాతీ ముప్పై ఎనిమిది. దాని మీద గీత. ముప్పై ఆరున్నర. గీత. ముప్పై అయిదు. గీత. ముప్పై మూడున్నర. పక్కనే తారీకులు. అన్నీ ఈ నాలుగు నెలల్లోవే. ఆఖరిది పన్నెండు రోజుల కిందటిది.

“జాకెట్లు వదులైపోయాయి, సరిచెయ్యరా అంది,” అన్నాడు అన్నయ్య. “ఎండలకి అందరూ కాస్త చిక్కుతారు కదా అనుకున్నాను. మూడోసారి ఏమైందమ్మా అని నేనడిగితే, టైలరువి టైలరు పని చూసుకో, మీ ఆవిడకి చెప్పావా నీ చేత కుట్టించుకోను అంది.”

వదిన పుస్తకం మూసింది. మరిది వైపు తిరిగింది. అతని కళ్ళు అప్పటికే నిండి ఉన్నాయి.

“ఆ చీటీలో రాసినవేవీ అబద్ధాలు కావు వదినా,” అన్నాడు. “నావి కావు. అంతే.”

వీధిలో ఎవరో బకెట్టుతో నీళ్ళు కుమ్మరించిన చప్పుడైంది.

“పొద్దున అయిదున్నరకి డ్యూటీకి లేస్తాను కదా,” అన్నాడు మరిది. “వెనకవైపు కుళాయి దగ్గర వినిపించేది. మొదట అజీర్తి అనుకున్నాను. తర్వాత రోజూ. ఒకరోజు వెళ్ళి చూస్తే ముందురోజు తిన్న మెతుకులు మెతుకుల్లాగే... ఎవరికైనా చెప్తే నా మీద ఒట్టు అంది. అమ్మ మీద ఒట్టంటే నీకు తెలుసుగా, నాలాంటి పిరికివాడు ఎలా చెప్తాడు? డాక్టరు దగ్గరికి రమ్మంటే రానంది. అందుకే నేనే వెళ్ళాను. అమ్మకి ఉన్నవన్నీ నాకున్నట్టు చెప్పాను. బరువు కూడా అన్నయ్య పుస్తకంలో అంకెలు చూసి, ఎనిమిదై ఉంటుందని లెక్కేశాను. ముందు చీటీ చేతికొస్తే చాలు, రేపు అమ్మని తీసుకొచ్చి అక్కడ నీ కాళ్ళు పట్టుకుని పేరు మార్పించొచ్చు అనుకున్నాను.”

“అలా పేర్లు మార్చరయ్యా,” అంది వదిన. “చేతికి పేరు పట్టీ కడతారు. వయసు చూస్తారు. ముందే వేసుకునే మందులు చూస్తారు...”

“నాకేం తెలుసు? లిఫ్టు ఎవరి పేరు మీద ఉన్నా ఆగితే బాగుచేస్తాం.”

ఇంకొకప్పుడైతే ఈ మాటకి వదిన విరగబడి నవ్వేది. శంకల్రావు అని ముద్రవేసి పక్కన పెట్టేసిన మనిషి, ఇంట్లో అందరికంటే ముందు చూశాడు. అందరికంటే సరిగ్గా భయపడ్డాడు. ఆవిడకి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది.

ఎందుకంటే ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. మీరు తినండి, నేను తర్వాత తింటాను అనడం. జావ కాచుకోవడం, బ్రెడ్డు పాలల్లో నానబెట్టుకుని గంటసేపు గిన్నె పట్టుకుని కూర్చోవడం. పళ్ళు సలుపుతున్నాయమ్మా, నమల్లేకపోతున్నాను అంటే నిజమేననుకుని పళ్ళ డాక్టరు దగ్గర టోకెన్ కూడా తీసింది తను. రోజుకి ముప్పై చీటీలు చదివి ముక్కూ ముఖం తెలియనివాళ్ళ గొంతులో ఏముందో చెప్పగలిగిన మనిషి, ఎదురుగా గిన్నె పట్టుకుని కూర్చున్న అత్తగారిని చూడలేదు.

వెళ్ళి పీట పక్కన నేల మీద కూర్చుంది.

“నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?”

“నీకా?” అత్తగారు చిక్కుడుకాయ ఒలవడం మళ్ళీ మొదలుపెట్టింది. “నీ నోటితోనే విన్నాను కదమ్మా. ముద్ద దిగకపోవడం, మనిషి చిక్కిపోవడం, రెండూ ఒకే చీటీలో కనబడితే లోపలేముందో గొట్టం వెయ్యకముందే మాకు తెలిసిపోతుంది అని. అన్నం తింటూ చెప్పావు. నేను వడ్డిస్తున్నాను.”

వదినకి గుర్తొచ్చింది. చెప్పింది. ఎప్పుడో చలికాలంలో చెప్పింది. గొప్పగానే చెప్పింది.

“అప్పటికి నాకు మొదలై వారం,” అంది అత్తగారు. “ఆ రెండు మాటలూ నోటంట రాకుండా చూసుకుంటే చాలనుకున్నాను. మాట అనకపోతే చీటీ లేదు. చీటీ లేకపోతే గొట్టం లేదు.”

“నేనన్నది తప్పు అత్తయ్యా. అన్నిసార్లూ అదే అవ్వదు. పులుపు ఏళ్ళ తరబడి పైకి తన్ని, అన్నం దిగే గొట్టం కాలి, మచ్చకట్టి సన్నబడిపోతుంది కొంతమందికి. అలాంటిదైతే చూసినప్పుడే సాగదీసి దారి చేస్తారు. మర్నాటి నుంచి మెత్తగా తినొచ్చు. కొంతమందికి కండ బిగుసుకుపోతుంది. అదీ కాకపోతే... మీరు భయపడుతున్నదే అయితే ఏ దశలో ఉందో చూడాలి. చూడకుండా ఎవరూ చెప్పలేరు. వాడికి ఎందుకు వద్దన్నానో మీకు అందుకే కావాలంటున్నాను. వాడికి చూసినా చేసేది మారదు. మీకు మారుతుంది.”

“చూస్తే పోతుందా?”

“చూస్తే పోదు. ఏం చెయ్యాలో తెలుస్తుంది.”

“తెలిశాక చెయ్యడానికేమీ లేదంటే?”

“అమ్మా!” అన్నాడు అన్నయ్య.

“నువ్వాగరా. నేను దాన్ని అడుగుతున్నాను.”

ఆసుపత్రిలో అయితే దీనికీ ఒక జవాబుంది. ఆ జవాబు వదిన నోటిదాకా వచ్చింది, ఇక్కడ చెప్పాలనిపించలేదు.

“అప్పుడు కూడా ముద్ద దిగడానికి దారి చెయ్యొచ్చు,” అంది. “లోపల చిన్న గొట్టం పెడతారు. ఆకలితో ఉండక్కర్లేదు. అంతకుమించి నేను మాట ఇవ్వలేను.”

అత్తగారు తలాడించింది. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. కాసేపు కాయలు ఒలిచింది. తర్వాత ఎవరూ అనుకోనిది అడిగింది.

“నాకొకటి అర్థం కావట్లేదు. వాడికి అక్కర్లేదని నువ్వు తీసేశావు, సరే. మరి పదకొండింటికి ఫోన్ ఎలా వచ్చింది? నువ్వు చూడకుండానే రేపు ఏడున్నరకి రమ్మని ఎలా చెప్పారు?”

అన్నయ్య తలెత్తాడు. మరిది కూడా.

ఈ ప్రశ్న ఎవరూ అడగరనే వదిన ధైర్యం. మధ్యాహ్నం నుంచి తనని తను కూడా అడగనివ్వలేదు.

“నేను చూశాకే చెప్పారు,” అంది.

“చూసి?”

“చీటీ పైభాగంలో పేరుంటుంది అత్తయ్యా. నేను అది వెనక్కి మడిచి చదువుతాను. పెద్దవాళ్ళ చుట్టాలనో, తెలిసినవాళ్ళనో ముందుకు జరపకుండా ఉండటానికి నేనే పెట్టుకున్న పద్ధతి. బాధ ఏమిటో చదివి, ఎప్పుడు చెయ్యాలో రాసి ఫోన్ల అమ్మాయికి ఇచ్చేస్తాను. పేర్లు మధ్యాహ్నం లిస్టు వచ్చాకే చూస్తాను.”

“ఊఁ.”

“పొద్దున ఆ చీటీ చదివాను. ముద్ద ఆగుతోంది, వెనక్కొస్తోంది, ఎనిమిది కిలోలు. రేపటికి అప్పటికే అందరూ నిండిపోయారు. ఒకాయన్ని తర్వాతి వారానికి జరిపి ఇది అన్నిటికంటే ముందు పెట్టాను. ఇది ఆగదు అనుకున్నాను.”

ఆ మాట చెప్పాక ఆగలేకపోయింది.

“రెండింటికి లిస్టులో పేరు చూశాను. కోపమొచ్చింది. శంకల్రావు మళ్ళీ మొదలుపెట్టాడు అనుకున్నాను. తీసేసే చీటీ ఏదైనా పెద్ద డాక్టరుకి చూపించి సంతకం పెట్టించాలి. మా ఇంటి మనిషి అబద్ధం చెప్పాడని ఆయనకి తెలియడం ఇష్టంలేక, చూపించకుండా సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఆయన చదివి ఉంటే వీణ్ణి పిలిచి గట్టిగా అడిగేవాడు. వీడు చెప్పేసేవాడు. నేను పేరు చూసి పారేశాను అత్తయ్యా. మాటలు చూసి ఉంటే...”

ఏడ్చేసింది. పదకొండేళ్ళలో ఎవరి చీటీ చదివీ ఏడవని మనిషి.

అత్తగారు ఒలిచిన గింజల గిన్నె పక్కకి జరిపి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, కోడలి తల మీద పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. కొడుకులిద్దరూ ఎక్కడివాళ్ళక్కడే నిలబడిపోయారు.

“నువ్వు దాచింది చెప్పావు,” అంది చివరికి. “నేనూ ఒకటి చెప్పేస్తాను. చీటీలో లేనిది. వాడికి కూడా తెలియదు.”

మరిది రెండడుగులు ముందుకేశాడు.

“ముద్ద మానేసి పది రోజులైంది. జావ నిన్న సాయంత్రం నుంచి దిగట్లేదు.” కొంగు చివర వేలికి చుట్టుకుంది. “ఇవాళ పొద్దుట్నుంచి నీళ్ళు కూడా దిగట్లేదమ్మా. గుటక వేస్తే వేసినవి వేసినట్టే పైకొస్తున్నాయి.”

వదిన కళ్ళు తుడుచుకోలేదు. అత్తగారి చెయ్యి తల మీంచి తీసి తన చేతిలోకి తీసుకుంది. ముంజేతి మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకి లాగి వదిలేసింది. ఒంట్లో నీళ్ళున్నవాళ్ళకైతే అది వెంటనే సర్దుకోవాలి.

“ఏంటి వదినా?” అన్నాడు మరిది.

వదిలేసిన చర్మం వెనక్కి పోలేదు. మడత మడతలాగే నిలబడి ఉంది.